పంతులు రాసిచ్చిన పుట్టినరోజు

మాలో చాలామంది పుట్టినరోజు ఒక్కటే. జూన్ 1, కాకపోతే జూలై 1. మా వాడల్లో ఏ ఇంట్లోనైనా టెన్త్ మెమోలు తీసి చూడండి. అన్నదీ తమ్ముడిదీ అదే తేదీ. నడుమ రెండేళ్లో మూడేళ్లో తేడా, అంతే. మా అమ్మలంతా కూడబలుక్కుని జూలై ఒకటో తారీఖునే కన్నారని కాదు. బడి తెరిచిన రోజుల్లో చేయి పట్టుకుని తీసుకుపోతే "ఎప్పుడు పుట్టిండమ్మా?" అని పంతులు అడిగాడు. "పీర్ల పండుగప్పుడు సారూ" అని అమ్మ చెప్పింది. పీర్ల పండుగ రాసుకోవడానికి రిజిస్టరులో గడి లేదు. బడిలో చేరాలంటే ఐదేళ్లు నిండాలి. పంతులు పిల్లవాడిని ఎగాదిగా చూశాడు. ఆ ఏడాదిలోంచి ఐదు తీసేసి, తేదీ గడిలో తనకు సులువైన తేదీ వేశాడు. అదే మా పుట్టుక.

ఆ పంతులును మేం తిట్టం. ఆయన ఆ ఒక్క గీత గీయకపోతే మాలో సగం మంది బడి గడప తొక్కేవాళ్లం కాదు. ఆ తేదీ లేకపోతే టెన్త్ లేదు, నౌకరీ లేదు. పైగా అది ముస్లింలకు మాత్రమే జరిగిందీ కాదు. మాదిగ వాడల్లో, బోయ వాడల్లో, తండాల్లో కూడా పిల్లలు జూలై ఒకటినే పుట్టారు. అందరికీ జరిగిందే మాకూ జరిగింది. కాకపోతే అందరినీ అడగని ప్రశ్నలు ఆ తేదీ పట్టుకుని మమ్మల్ని అడిగే కాలం వచ్చింది.

మేం ముగ్గురం. ఒకరిది గద్వాల, ఒకరిది వనపర్తి, ఒకరిది నాగర్‌కర్నూలు. 2016 అక్టోబరు 11 దాకా మాది ఒకటే జిల్లా, మహబూబ్‌నగర్. మేం పిలుచుకునే పేరు పాలమూరు. ఆ దసరా నాడు మూడు ఊళ్లూ మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. అంటే మా జిల్లాలకు పక్కా పుట్టినరోజు ఉంది, ప్రభుత్వ ఉత్తర్వుతో సహా. లేనిది మాకే.

2023 జూన్‌లో, బక్రీద్‌కు వారం ముందు, మా గద్వాల మిత్రుడు ఒక మాట చెప్పాడు. అతని మెమోలో ఉన్నది 1-7-1987. జూలై 1 వస్తే కాగితం లెక్కన 36 నిండుతాయి. ఆ రోజు కేకు కోయడట. దావత్ ఇవ్వడట. ఫజర్ నమాజు చేసుకుని, గద్వాల నుంచి జూరాల తొవ్వ పట్టి హాఫ్ మారథాన్ ఉరుకుతాడట. అంటే 21 కిలోమీటర్ల 97 మీటర్లు, పైన ఇంకో అర మీటరు. ఏటా ఆగస్టులో హైదరాబాదులో జరిగే మారథాన్ సంగతి పేపర్లో చదివిన నాటి నుంచి ఏడాదిగా చీకటితో లేచి ఉరుకుతున్నాడు, మాకు చెప్పలేదు. అతనిప్పుడు సర్కారు బడిలో పంతులు. పిల్లల పుట్టిన తేదీలు రాసే చేయి ఇప్పుడతనిది.

ఈ మాట విన్నాక నాలుగు వైపుల నుంచి నాలుగు అభ్యంతరాలు వచ్చాయి. మొదటిది వాళ్లమ్మది. "తిన్నది అరగక ఉరుకుతవా కొడకా? మేము తిననీకి ఉరికినం." రెండోది మసీదులో పెద్దమనిషిది. పుట్టినరోజులు చేసుకోవడం దీన్‌లో లేదు, బిద్అత్ అన్నాడు. మూడోది ఎర్రజెండా మిత్రుడిది. పరుగులు పట్నపోళ్ల సోకు, ఫీజు కట్టి, టీషర్టు తొడిగి, మెడలో బిళ్ల వేసుకుని ఫోటో దిగడం తప్ప అందులో ఏముందన్నాడు. నాలుగోది మాలోనే ఒకరిది, నాగర్‌కర్నూలు మిత్రుడిది. "ఆ తేదీ నీది కాదు. గుమాస్తా రాసిన అబద్ధానికి చెమటోడ్చి సలాం కొడతవా?" అన్నాడు.

నవ్వుకుని వదిలేసే మాటలు కావివి. నాలుగింటిలోనూ నిజముంది. మనిషి తనది కాని తేదీని తన పుట్టినరోజు చేసుకోవచ్చా? పొట్ట కోసం ఉరికినవాళ్ల పిల్లలు సంబురానికి ఉరకడం న్యాయమేనా? ఇవి పెద్ద ప్రశ్నలే. మాకు తోచింది చెబుతాం.

ముందు దీన్ సంగతి. మేం మౌల్వీలం కాం, ఫత్వాలు ఇవ్వం. పుట్టినరోజు మీద ఉలమాలే ఒక్క మాట మీద లేరు. మిలాద్ జరిపేవాళ్లున్నారు, వద్దనేవాళ్లున్నారు. కానీ సహీ ముస్లింలో ఒక హదీసు ఉంది. సోమవారం ఉపవాసం ఎందుకుంటారని ప్రవక్తను అడిగితే, తాను పుట్టిందీ, తనకు వహీ దిగిందీ ఆ రోజేనని చెప్పారు. కేకు లేదు, దీపం లేదు, కానుక లేదు. ఉన్నది ఆకలి. పుట్టినందుకు షుక్రియా ఒంటితోనే చెప్పడం. పరుగు ఉపవాసమంత పవిత్రమని మేం అనడం లేదు. పుట్టిన రోజును ఒంటి కష్టంతో గుర్తు చేసుకోవడం మనకు పరాయిదేమీ కాదని మాత్రం అంటున్నాం.

ఇంకో సంగతి. మన పెద్దలు బర్త్ డే అనలేదు, సాల్‌గిరా అన్నారు. సాల్ అంటే ఏడు, గిరా అంటే ముడి. దారానికి ఏటా ఒక ముడి వేయడం. ఎన్ని ముళ్లు పడితే అన్నేళ్లు. కాగితం లేని కాలంలో దారమే రిజిస్టరు. మొగలు పాదుషాలకైతే ఏడాదికి రెండు పుట్టినరోజులు. సూర్యుడి లెక్కన ఒకటి, చంద్రుడి లెక్కన ఒకటి. ఆ రెండు రోజులూ తక్కెడలో కూర్చుని బంగారంతో, వెండితో తూగేవాళ్లు. మా మిత్రుడికీ రెండే. పంతులు చెప్పింది ఒకటి, అమ్మ చెప్పింది ఒకటి. పాదుషాకు రెండూ నిజమే. మావాడికి ఒకటి అబద్ధం, ఒకటి అంతుబట్టదు.

అమ్మ లెక్క ఇది. పీర్ల సవారి రాత్రి పుట్టాడు. ఏ ఏడని అడిగితే కరువు ఏడంటుంది. పాలమూరులో కరువు లేని ఏడు ఏది? మేం కూర్చుని క్యాలెండర్లు తిరగేశాం. మొహర్రం పదో రోజు 1986లో సెప్టెంబరు నడిమధ్యన వచ్చింది. 1987లో సెప్టెంబరు మొదటి వారంలో వచ్చింది. ఈ రెంటిలో ఏదో ఒకటి కావాలి. ఏదైనా జూలై 1 మాత్రం కాదు.

ఏదైతేనేం, ఏడాది తేడాకు కొంపలు మునుగుతాయా అని మీరు అడగవచ్చు. మేమూ అలాగే అనుకునేవాళ్లం. 1955 పౌరసత్వ చట్టం, దాని సవరణలు చదివేదాకా. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు దాకా ఈ దేశంలో పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. తల్లిదండ్రుల సంగతి చట్టం అడగదు. జూలై 1 నాడు గానీ, ఆ తర్వాత గానీ పుడితే మాత్రం తల్లీతండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఆ షరతు ఇంకా బిగిసింది. అంటే మా మిత్రుడు సరిగ్గా గీత మీద ఉన్నాడు. జూన్ 30 అని రాసి ఉంటే గీతకు ఇవతల. జూలై 1 అని రాయడం వల్ల అవతల. 1986 పీర్లకు పుట్టి ఉంటే ఏ గొడవా లేదు. పంతులుకు చేయి తిరిగిన తేదీ చట్టానికి హద్దురాయి అయి కూర్చుంది.

హద్దుకు అవతల పడితే అమ్మ కాగితం చూపాలి, నాయన కాగితం చూపాలి. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. ఆయన కన్నవాళ్లు దానికంటే ముందు పుట్టినవాళ్లు. కూలికి పోయిన ఊళ్లలో గుడిసెల్లో బతికినవాళ్లు. వాళ్ల పేరున పట్టా లేదు, బడి లేదు. ఉన్నవి రేషన్ కార్డు, ఓటరు కార్డు. అవి కూడా ఒక్కో దాంట్లో ఒక్కో పేరు. ఒకదాంట్లో బీ, ఒకదాంట్లో బేగం, ఒకదాంట్లో అమ్మ. ఒక ఆఫీసులో ఆ మూడూ చూసి "ఈ ముగ్గురిలో మీ అమ్మ ఎవరు?" అని నవ్వారు. మేం నవ్వలేదు.

అస్సాంలో 2019 ఆగస్టు 31న పౌర పట్టిక తుది జాబితా వచ్చింది. 19 లక్షల 6 వేల 657 మంది అందులో లేరు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. అదే ఏడు డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకు అందులో తలుపు తెరిచారు. ముస్లిం ఆ ఆరింటిలో లేడు. మన శాసనసభ 2020 మార్చిలో దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. ఆ చట్టం మమ్మల్ని ఏమీ చేయదని మిత్రులు ధైర్యం చెప్పారు. వారి మంచితనాన్ని మేం శంకించం. కానీ కాగితం పోయినవాళ్లందరిదీ ఒకటే కష్టమైనా, బయటపడే దారి అందరికీ ఒకటి కాదని తెలిశాక మా అమ్మలు ఇనుపపెట్టెలు తీసి రాత్రుళ్లు కాగితాలు సర్దుకున్నారు. ఆ చప్పుడు విన్నవాళ్లం మేం.

ఇక్కడ మాకు ఫౌజా సింగ్ గుర్తొస్తాడు. జలంధర్ దగ్గర బియాస్ పిండ్‌లో పుట్టిన సిక్కు రైతు. ముసలితనంలో ఇంగ్లండు చేరి, 89 ఏళ్ల వయసులో మారథాన్‌లు మొదలుపెట్టాడు. 2011 అక్టోబరు 16న టొరంటోలో 42 కిలోమీటర్ల 195 మీటర్లు 8 గంటల 11 నిమిషాల్లో ముగించాడు. పాస్‌పోర్టులో పుట్టిన తేదీ 1911 ఏప్రిల్ 1. నూరేళ్లు నిండినందుకు బ్రిటన్ రాణి ఉత్తరం పంపింది. అయినా గిన్నిస్ వాళ్లు నూరేళ్ల పరుగుగాడని పేరు ఎక్కించలేదు. కారణం జనన ధ్రువపత్రం లేదు. 1911లో పంజాబు పల్లెలో ఆ పత్రం ఎవరిచ్చేవాళ్లు? కాళ్లు ఉరికిన దూరాన్ని లోకమంతా చూసింది. పుట్టినట్టు మాత్రం రుజువు చాలలేదు. 2025 జూలైలో, సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతుంటే వాహనం గుద్ది చనిపోయాడు. 114 ఏళ్లని లోకమంతా రాసింది. ఆ వార్తలో ఎవరూ ధ్రువపత్రం అడగలేదు.

మరి నాగర్‌కర్నూలు మిత్రుడి మాటకు జవాబేమిటి? అబద్ధపు తేదీకి సలాం కొట్టడం కాదా? దీని మీద మేం వారం రోజులు కొట్లాడుకున్నాం. గద్వాల మిత్రుడు ఒక రాత్రి మారథాన్ పుట్టుక చెప్పాడు. ఆ 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరం ఏ ధర్మశాస్త్రంలోనిదీ కాదు. మొదట్లో ఒక్కోచోట ఒక్కో దూరం ఉరికేవాళ్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాచకుటుంబం కూర్చున్న చోటికి ఎదురుగా ముగించారు. ఆ రెంటి నడుమ ఎంత పడిందో అంత. 1921లో దాన్నే ఖాయం చేశారు. హాఫ్ మారథాన్ అందులో సగం. రాజుల సౌకర్యానికి కుదిరిన కొలత అది. "ఆ దూరం ఇయాల ఎవరిది? రాజుదా, ఉరికినోనిదా?" అని అడిగాడు. మేం జవాబు చెప్పలేదు. "తేదీ కూడా అట్లనే. ఎవరో ఎత్తేసిన్రు. నేను చెమట పోస్తే నాదయితది."

నాగర్‌కర్నూలు మిత్రుడు ఒప్పుకోలేదు. దూరానికి అబద్ధం ఉండదు, తేదీకి ఉంటుంది అన్నాడు. అది కాదనలేని మాట. మేమిప్పటికీ ఆ మాటను పక్కన పెట్టలేదు. కానీ ఒకటి మాత్రం ముగ్గురికీ తోచింది. మనిషికి పేరు పెట్టేది వేరేవాళ్లే. కులమూ మతమూ భాషా వేరేవాళ్లు ఇచ్చినవే. మా గద్వాల మిత్రుడిది దూదేకుల ఇల్లు, ఇంట్లో తెలుగే. ఉర్దూ రాదని ఒకరికి సగం ముస్లిం. పేరు వినగానే ఇంకొకరికి సగం తెలుగువాడు. హాఫ్ అనే మాట అతనికి కొత్తది కాదు. ఇచ్చినవన్నీ పారేసి మనిషి ఏం మిగులుతాడు? ఇచ్చినదాన్ని తీసుకుని, దాంతో ఏం చేశాడన్నదే అతనిది. అబద్ధాన్ని నిజమని చెప్పుకోవడం తప్పు. అబద్ధమని తెలిసీ ఆ రోజును నలుగురికీ పనికొచ్చేట్టు వాడుకోవడం తప్పు కాదు.

ఇక ఎర్రజెండా మిత్రుడి మాట, అమ్మ మాట. ఈ రెండూ ఒకటే. శ్రమ చేసినవాళ్ల పిల్లలు సోకుకు శ్రమ చేయడం ఏమిటని.

పాలమూరు లేబరు గురించి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడితే ఊళ్లకు ఊళ్లు లేచి లారీలెక్కాయి. దేశంలో ఏ డ్యాము కట్ట మీద చూసినా మా వాళ్ల తట్ట కనిపిస్తుంది. ఆ గుంపుల్లో మాదిగలున్నారు, బోయలున్నారు, లంబాడీలున్నారు, దూదేకుల వాళ్లూ ఉన్నారు. నవాబుల వారసులని మమ్మల్ని దెప్పేవాళ్లు ఆ తట్టల్ని చూడలేదు. తట్ట నెత్తిన పెట్టుకుని ఉరికినదాన్ని ఎవరూ కిలోమీటర్లలో కొలవలేదు. కూలి మాత్రం కొలతల్లో కోసుకున్నారు.

ఇప్పుడు వనపర్తికి రండి. అక్కడ ఏ మైదానం చూసినా తెల్లవారుజామున పిల్లలు ఉరుకుతుంటారు. సంబురానికి కాదు, పోలీసు నౌకరీకి. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. ఒక్క సెకను దాటితే ఇంటికి. అందులో మా పిల్లలూ ఉన్నారు. నౌకరీ రానివాడు మర్నాటి నుంచి ఉరకడు. ఉరకడం అంటే అతనికి ఓటమి గుర్తు.

నీళ్లకు ఉరకడం, కూలికి ఉరకడం, నౌకరీకి ఉరకడం, రేషన్ లైనుకు ఉరకడం, గొడవ జరిగిన రాత్రి ప్రాణానికి ఉరకడం. మాకు తెలిసిన పరుగులు ఇవి. అన్నిట్లోనూ వెనకో ముందో తరిమేది ఒకటుంది. ఏదీ తరమకుండా, ఎవరూ పిలవకుండా, ఒంట్లో బలం ఉందన్న ఒక్క సంతోషంతో ఉరకడం మా వంశంలో లేదు. అదే సోకు అయితే, ఆ సోకు ఇన్నాళ్లూ ఎవరికి దక్కింది? తీరికలాగే, చదువులాగే అది కొందరి సొత్తుగా ఉండిపోయింది. దాన్ని పారేయమనడం న్యాయం కాదు. అందరికీ రావాలనడం న్యాయం. ఎర్రజెండా మిత్రుడికి మా జవాబు ఇంతే. మెడలో బిళ్ల కోసం ఉరికితే నీ మాట నిజం. ఉరికేటప్పుడు తట్ట మోసినవాళ్లను మరిచిపోతే కూడా నీ మాటే నిజం.

అది బక్రీద్ కాలం కాబట్టి మాటల్లో హాజర్ వచ్చింది. ఎడారిలో పసిబిడ్డను పడుకోబెట్టి, నీళ్ల కోసం సఫా మర్వా గుట్టల నడుమ ఏడుసార్లు ఉరికిన తల్లి. ఆ రెంటి నడుమ దూరం సుమారు 450 మీటర్లు. ఏడు మార్లు కలిపితే మూడు కిలోమీటర్ల పైచిలుకు. హజ్‌కు పోయిన ప్రతివాళ్లూ, రాజైనా కూలివాడైనా, ఆ తల్లి అడుగుల్లో అడుగు వేయాల్సిందే. ఒక బానిస స్త్రీ నీళ్లకు ఉరకడాన్ని ఆరాధన చేసిన దీన్ మాది. పాలమూరు ఆడవాళ్లకు ఆ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. బిందె చంకన పెట్టుకున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు.

కానీ ఒకటి గమనించారా? ఇప్పుడక్కడ పచ్చదీపాల నడుమ మగవాళ్లు ఉరుకుతారు. ఆడవాళ్లను నడవమంటారు. ఉరికింది ఆడది, ఉరికే హక్కు మగవాడిది. ప్రవక్త తన భార్య ఆయిషాతో పందెం వేసి ఉరికారని, మొదటిసారి ఆమే గెలిచిందని హదీసు ఉంది. అది చదివిన మా ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లలు వాకిలి దాటి ఉరకగలరు? మా మిత్రుడి చెల్లెలు ఈ మాటే అడిగింది. "నువ్వు ఉరికితే పుట్టినరోజు, నేను ఉరికితే ఊరంతా పంచాయతీ." హిందూ మతతత్వం మీద వేలు చూపే మేం ఈ మాటకు తల వంచుకోవాలి. వంచుకున్నాం.

పరుగుకు ముందు రాత్రి వాళ్లమ్మ ఇంకో మాట అంది. "చీకట్ల ఉరకకు కొడకా. గడ్డమోడు ఉరుకుతుంటే ఏమనుకుంటరో." అది ఉత్త భయం కాదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిన మా కుర్రాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. పోయిన వయసు వాళ్లకు తిరిగి రాలేదు. గడ్డం ఉన్నవాడు నిలబడితే ఎందుకు నిలబడ్డావంటారు, ఉరికితే ఎందుకు ఉరుకుతున్నావంటారు.

మాకు అమెరికా నల్లజాతి కుర్రాడు అహ్మద్ ఆర్బరీ గుర్తొచ్చాడు. 2020 ఫిబ్రవరి 23న జార్జియాలో వీధిలో ఉరుకుతున్నాడు. దొంగ అనుకున్నామని ముగ్గురు తెల్లవాళ్లు బండ్లేసుకుని వెంటాడారు, వాళ్లలో ఒకడు కాల్చి చంపాడు. 25 ఏళ్లు. మే 8 అతని పుట్టినరోజు, బతికి ఉంటే 26. ఆ రోజు ఎక్కడెక్కడో ముక్కూ మొహం తెలియనివాళ్లు అతని పేరున రెండు మైళ్ల పైన మైలులో నూటికి 23 వంతులు ఉరికారు. చంపిన నెల రెండు, తేదీ 23. మరుసటి ఏడు నవంబరులో ఆ ముగ్గురినీ కోర్టు దోషులన్నది. పుట్టినరోజు నాడు ఉరకడం అంటే ఏమిటో లోకానికి వాళ్లు చూపించారు. ఈ రోడ్డు మీద ఉరికే హక్కు నాకుంది, దానికి నా ముఖం చూసి కారణం అడగకండి అని. ఆ మాట అనుకున్నాక మాలో ఎవరమూ మిత్రుడిని ఆపలేదు.

బక్రీద్ జూన్ 29న అయింది. జూలై 1 శనివారం. ఫజర్ అయ్యాక గద్వాల నుంచి బయల్దేరాం. అతను ఉరుకుతున్నాడు, వనపర్తి మిత్రుడు సైకిల్ మీద, నాగర్‌కర్నూలు మిత్రుడు నీళ్ల సీసాలతో బండి మీద. అలిగినవాడు రాడేమో అనుకున్నాం, అందరికంటే ముందొచ్చాడు. పదిన్నర కిలోమీటర్లు పోయి మళ్లాలని లెక్క. పత్తి చేలల్లో పనికి పోతున్న ఆడవాళ్లు ఆగి చూశారు. "ఎవరన్న తరుముతున్రా సారూ?" అని ఒకామె అడిగింది. "లేదక్కా, ఉత్తగనే" అన్నాడు. ఆమె నవ్వింది. పదహారో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసింది. కూర్చున్నాడు, లేచాడు, కుంటుతూ నడిచాడు, మళ్లీ ఉరికాడు. రెండు గంటల యాభై నిమిషాలు పట్టింది. ఫోటో తీయడం ముగ్గురమూ మరిచిపోయాం.

ఇంటి ముందు అమ్మ కూర్చుని ఉంది. చెంబు నీళ్లు ఇచ్చింది. పిక్క చూసి నూనె రాస్తూ, మేమెవరం అడక్కుండానే చెప్పింది.

"కాలువ పని మీద ఉన్నం. జిల్లా అవతల, ఊరి పేరు ఎరుక లేదు. పీర్లకు ఇంటికి పోతమంటే మేస్త్రీ ఇడువలే. ఆ దినం పొద్దుగూకినంక చెప్పకుండ ఎల్లినం, నలుగురు ఆడోళ్లం. లారీ దొరకలే. నడుస్తుంటే నొప్పులు షురువైనయి. అవతల ఊర్ల పీర్ల డప్పులు ఇనబడ్తున్నయి. ఆ ఊరన్న అందుకోవాలని ఇద్దరు చెరో రెక్క పట్టుకుంటే ఉరికిన. రెండు కోసులుంటది. ఊరు అందలే. చింతచెట్టు కింద కన్న. మా గుంపుల మాదిగక్క బొడ్డు కోసింది. నువ్వు పుట్టిన దినం ఉరికింది నేను కొడకా. నువ్వేంది ఇయాల ఉరుకుడు."

మేం చాలాసేపు మాట్లాడలేదు. ముప్పై ఆరేళ్లు ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. తేదీ అడిగాం, ఏడు అడిగాం, క్యాలెండర్లు తిరగేశాం. ఆ రోజు ఏం జరిగిందని మాత్రం అడగలేదు. పంతులూ అడగలేదు, ఆఫీసూ అడగలేదు, మేమూ అడగలేదు. కాగితం అడిగే ప్రశ్నలే మేమూ అడుగుతూ వచ్చాం.

అమ్మ మాటతో ఏడాది తేలలేదు. చట్టం ముందు ఆ చింతచెట్టు సాక్షి కాదు. కాగితాల్లో పుట్టిన తేదీ, పుట్టిన ఊరు రెండూ తప్పేనని మాత్రం తేలింది. రేపు ఎవరైనా అడిగితే మా మిత్రుడు చూపేది 1-7-1987నే. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రమే ఆధారమని కొత్త సవరణ చెబుతోంది. మంచిదే, ఇక ఏ పంతులూ ఏ పిల్లవాడికీ జూలై ఒకటి రాయనక్కర్లేదు. చెట్ల కింద పుట్టిన వెనకటివాళ్లం మిగిలాం. మా పుట్టుకకు సాక్ష్యం మా అమ్మల నోట్లో ఉంది. వాళ్లు వెళ్లిపోతే అదీ పోతుంది. అందుకే ఇప్పుడే రాసిపెడుతున్నాం.

పుట్టినరోజు ఎందుకు చేసుకోవాలో మాకు ఆ ఉదయం తెలిసింది. మనం పుట్టామని లోకానికి రుజువు చూపడానికి కాదు. మనల్ని కనడానికి ఎవరు ఎంత దూరం ఉరికారో గుర్తు పెట్టుకోవడానికి. అది గుర్తుంటే కేకు కోసినా, రోజా ఉన్నా, 21 కిలోమీటర్లు ఉరికినా తప్పు లేదు. అది మరిస్తే తేదీ నిజమైనదైనా ఉత్తదే.

మరుసటి ఏడు నుంచి మా మిత్రుడు రెండుసార్లు ఉరుకుతున్నాడు. జూలై 1న గద్వాల తొవ్వ మీద హాఫ్ మారథాన్. పీర్ల సవారి నాడు రెండు కోసులు, అమ్మ ఉరికినంత. ఆ రెండోదానికి చెల్లెలు కూడా వస్తోంది. ఊర్లో పంచాయతీ అయింది, ఆగలేదు.

చదువరీ, నీ మెమోలో తేదీ నిజమైనదే కావచ్చు. ఆ రోజు మీ అమ్మ ఎక్కడుంది, ఎంత దూరం నడిచింది, పక్కన ఎవరున్నారు? ఎప్పుడన్నా అడిగావా? మాకు అడగడానికి 36 ఏళ్లు పట్టింది.